పేరు లేని డెన్మార్క్ కుర్చీ

డెన్మార్క్ కుర్చీల మీద ఏ పుస్తకం తెరిచినా అవే నలుగురైదుగురు మహానుభావుల పేర్లు. వాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ ఆ కాలంలోనే చిన్న చిన్న వర్క్‌షాపుల కోసం కుర్చీల బొమ్మలు గీసి, నడుం ఎక్కడ ఆనాలో, చెయ్యి ఎక్కడ వాలాలో తేల్చి, పేరు లేకుండా పోయినవాళ్లు ఎందరో. నా అభిమానమంతా వాళ్ల మీదే. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పినదాన్ని, గీత విలువ తెలిసినదాన్ని. ఈ అన్యాయం తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటి కుర్చీ ఒకటి మేడ్చల్ రోడ్డులో పాత సామాన్ల కొట్టులో దొరికింది. ఏదో కంపెనీ గెస్ట్‌హౌస్ ఖాళీ చేస్తే వచ్చిందట. టేకు చట్రం చెక్కుచెదరలేదు, కూర్చునే చోట పేము అల్లిక మాత్రం చిరిగి వేలాడుతోంది. అడుగున వర్క్‌షాపు ముద్ర ఉంది, గీసినవాళ్ల పేరు లేదు. ఆ పేరు కనుక్కుని తీరాలని పట్టుపట్టాను. ఫొటోలు తీసి, పాత కుర్చీలు సేకరించే అక్కడివాళ్లకు ఈమెయిళ్లు పెడుతూనే ఉన్నాను.

ఈలోగా అల్లిక సంగతి చూడాలి. మా శామీర్‌పేట కాలనీకి వచ్చే వడ్రంగి, "ప్లైవుడ్ కొట్టి స్పంజి ఏస్త మేడం, మస్తుంటది" అన్నాడు. ఇంకా నయం! చివరికి అల్వాల్‌లో పేము అల్లే, అదే కేన్ పని చేసే, ఒకాయన ఉన్నాడని తెలిసింది. పుట్టుకతోనే చూపు లేదు. చూపు లేనివాళ్ల బడిలో అల్లిక నేర్చుకుని, ఎన్నో ఆఫీసుల కుర్చీలు అల్లినవాడు. ఫోన్ చేస్తే మర్నాడే బస్సెక్కి వచ్చాడు.

వరండాలో కూర్చుని చట్రం చుట్టూ ఉన్న బెజ్జాలన్నీ వేలితో తడిమాడు. మళ్లీ మొదటినుంచి తడిమాడు.

"అమ్మా, బెజ్జాల అంచులు సూడుండ్రి. గుండ్రంగ అరగదీసిండ్రు. పదునుంటే పేము తెగుతది, అల్లెటోని ఏలు గూడ తెగుతది. గీ కుర్సీ జేసినోళ్లకు నా అసొంటోడు యాదిల ఉన్నడు."

అన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఆయన వేళ్లకు దండం పెట్టాలనిపించింది. మూడు రోజులు వచ్చాడు. పేము నీళ్లలో నానబెట్టుకుని, నిలువు, అడ్డం, ఐమూల వరసలు ఒక్కటీ తప్పకుండా బిగించాడు. చూపున్న నేనే మధ్యలో వరస మరిచిపోయేదాన్ని. ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కన కూర్చుని, పేరు దక్కని ఆ కళాకారుల గురించి చెప్పీ చెప్పీ ఊదరగొట్టాను. ఓపిగ్గా విన్నాడు.

మూడో రోజు డెన్మార్క్ నుంచి నా ఈమెయిలుకు జవాబు వచ్చింది. గీసింది ఒక ఆవిడట, అక్కడ కూడా పెద్దగా ఎవరికీ తెలియదట. ఆ పేరు రెండుసార్లు పైకి చదివి వినిపించాను. ఆయన ముడి వేస్తూ నవ్వాడు.

"మంచిగైంది. మరి మీ ఫోన్ల నా పేరు ఏమని రాసుకున్నరమ్మా?"

ఫోన్ తీసి చూడక్కర్లేదు, నాకు తెలుసు. ఈ మూడు రోజుల్లో ఆయన పేరు నేను అడగనేలేదు. అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"కేన్ అల్వాల్ అని," అన్నాను.

"ఊరైతే కరెక్టే రాసిండ్రు," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు అడిగాను ఆయన పేరు. ఒక్కో అక్షరం టైపు చేసి పైకి చదివి వినిపించాను. ఆయన చేతిలో పని ఆపి విన్నాడు.

"ఇంటిపేరు గూడ రాయుండ్రి," అన్నాడు.