బండిలో దిండు

యుద్ధం రోజులు. నాకు యాభై ఎనిమిదేళ్లు. మా సైకిలు సంఘం మిత్రులం ఒక ఆదివారం తెల్లవారగానే తిరుపతి నుంచి పుత్తూరుకు బయలుదేరాం. అందరిలో పెద్దవాణ్ణి నేనే.

వడమాలపేటలో మజ్జిగ తాగడానికి ఆగాం. రోడ్డు పక్కన ఎద్దుబండి కట్టి ఉంది. బండివాడు నన్ను చూసి, "ఎక్కు పెద్దాయనా, నీకోసరమే కాసుకోనుండా" అన్నాడు. మిత్రులు తలలు దించుకున్నారు. బండిలో గడ్డి పరిచి, మీద ఒక దిండు పెట్టారు. గలీబు మీద నా భార్య కుట్టిన చిలకలు. ఆ దిండు మా ఇంటిదే.

"కోప్పడొద్దన్నా. నువ్వు పుత్తూరు దాకా తొక్కలేవని వదినే నిన్న ఇచ్చి పంపినాది" అన్నాడు నరసింహులు. మాలో చిన్నవాడు అతనే.

నాకు ఒళ్లు మండిపోయింది. మజ్జిగ ముంత అక్కడే పెట్టేసి సైకిలెక్కాను. పుత్తూరు చేరేదాకా దిగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. మధ్యాహ్నం దాటాక ఆ బండి వచ్చింది. అందులోంచి నరసింహులు కుంటుకుంటూ దిగాడు. కాళ్లు పట్టేశాయట. చంకలో నా దిండు.

ఇంటికి రాగానే నా భార్య, "బండిలో దిండు మెత్తగా ఉండెనా?" అని అడిగింది.

"నరసింహుల్ని అడుగు" అని దిండు ఆమె చేతిలో పెట్టాను.

తొక్కగలవా అని నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆ దిండు మీద నేను మళ్లీ తల పెట్టలేదు.