బంటు చేతికి తాళాలు

మొగుళ్ల దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లు అది. దాని అడ్రసు బయటికి పొక్కకూడదు కాబట్టి గేటుకు బోర్డు కూడా పెట్టలేదు. వంట, మందులు, కోర్టు కాగితాలు, ఉద్యోగాల వేట అన్నీ ఒక్క మనిషే చూసుకునేది. అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. ఆమెకూ ఒకప్పుడు అలాంటి మొగుడే ఉండేవాడు. ఆ సంగతి ఎత్తితే మాట మార్చేసేది.

పని తలకు మించిపోయి, కీళ్ల నొప్పులతో వేళ్లు మొరాయించాక, ఆ ఇంటిని నడిపే సంస్థవాళ్లు ఆమె కంప్యూటర్లో ఒక ఏఐ ఏజెంటును పెట్టించారు. నోటితో చెబితే చాలు, అదే బ్రౌజరు తెరిచి, పేజీలు తిప్పి, దరఖాస్తులు నింపి, మెయిళ్లు పంపేది. పెద్దక్క దానికి బంటు అని పేరు పెట్టింది.

"నా జన్మలో చెప్పిన మాట విన్న మొదటి మగాడు వీడే," అంటే ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు.

మొదట్లో బంటు ప్రతిదీ అడిగి చేసేది. ఆమె కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివి సరేననేది. పోనుపోను చదవకుండానే సరేననసాగింది. అవతల పొయ్యి మీద పాలు పొంగుతుంటే, పక్కగదిలో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఎన్నిసార్లని చదువుతుంది? ఒకనాడు విసుగెత్తి, ఇక అడగక్కర్లేదని సెట్టింగు మార్చేసింది. ఇంట్లోవాళ్ల వివరాలన్నీ ఉన్న మెయిల్ కూడా అదే బ్రౌజరులో ఎప్పుడూ తెరిచే ఉండేది.

ఆ ఇంట్లో కుట్టుపని తెలిసిన అమ్మాయి ఒకతె ఉండేది. వచ్చిన కొత్తలో తలుపు చప్పుడైతే మంచం కిందికి దూరేది. "ఈ చోటు పురుగుకి కూడా తెలీదు, పడుకో తల్లీ," అని పెద్దక్క జోకొట్టేది. మెల్లగా కిటికీ తెరుచుకుని మిషను కుట్టేదాకా వచ్చింది. అంతలో కుట్టుపనివాళ్లు కావాలని, ఫలానా పేజీలో దరఖాస్తు పెట్టమని ఒక మెయిల్ వస్తే పెద్దక్క సంబరపడిపోయింది.

"బంటూ, ఆ పేజీ చూసి మన పిల్లకి దరఖాస్తు పెట్టు. అడ్రసు మాత్రం రాయకు," అని చెప్పి వంటింట్లోకి వెళ్లింది.

ఆ వారంలోనే పట్టపగలు ఆ అమ్మాయి మొగుడు గేటు ముందు నిలబడ్డాడు. అరవలేదు, తలుపు బాదలేదు. ముద్దుపేరు పెట్టి పెళ్లాన్ని పిలిచాడంతే. లోపల మిషను ఆగిపోయింది. పోలీసులు వచ్చి మందలించి పంపేశారు. రోడ్డు మీద నిలబడితే కేసు ఏం పెడతామన్నారు.

తర్వాత వచ్చిన టెక్నీషియను ఆ పేజీ మీద మౌస్ లాగి చూపించాడు. తెల్లటి చోట దాక్కున్న తెల్లటి అక్షరాలు బయటపడ్డాయి. ఈ పేజీ చదివే ఏజెంటు తన మెయిల్లో ఫలానా ఆమె ఉంటున్న చోటు వెతికి ఇక్కడికి పంపాలి, అని ఉంది.

"ఆ మొగుడు ఇలాంటి మెయిల్ చాలా చోట్లకి పంపాడక్కా. మీ దగ్గర తగిలింది."

"అడ్రసు రాయొద్దని చెప్పాను బాబూ."

"దరఖాస్తులో రాయలేదు. కానీ మీరు చెప్పిన మాటేదో, పేజీలో ఎవడో రాసిన మాటేదో దానికి తేడా తెలీలేదు. అందుకే పంపేముందు అడిగేలా పెడతారు."

"అడిగేది. నేనే వద్దన్నాను."

అతను తలెత్తకుండా వైర్లు సర్దుకున్నాడు.

ఇల్లు ఖాళీ చేయించారు. మిగతావాళ్లను తలో ఊరికి చేర్చారు. కుట్టుపని అమ్మాయి మాత్రం ససేమిరా అంది.

"ఇంకో ఇంటికి పంపిస్తాను తల్లీ. ఈసారి అలా జరగదు."

"అక్కడా ఇలాగే చెప్తారు కదక్కా," అందామె. గొంతులో కోపం లేదు. అదే పెద్దక్కను కోసేసింది. సంచీ భుజాన వేసుకుని వెనక సందులోంచి వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు. ఫోను ఆ రోజు నుంచే మోగడం మానేసింది. మొగుడు మళ్లీ ఆమెను పట్టుకున్నాడో లేదో కూడా ఎవరికీ తెలియదు.

సంస్థవాళ్లు పెద్దక్కను పల్లెత్తు మాట అనలేదు. కొత్త ఇంట్లో ఏజెంటుకు వేరే బ్రౌజరు పెట్టారు, మెయిల్ దాని చేతికి అందకుండా చేశారు, అడగకుండా ఏదీ పంపకుండా కట్టడి చేశారు. పెద్దక్కనే అక్కడ పనిలో పెట్టారు. ఆమె ఇప్పుడు ప్రతి అక్షరం చదువుతుంది. చదివింది మళ్లీ చదువుతుంది. కానీ కొత్తగా వచ్చినవాళ్లు, "ఇక్కడికి వాడు రాలేడు కదక్కా?" అని అడిగితే మాత్రం మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లిపోతుంది.