బయట కూర్చున్న నెలలు

1973 చివర్లో, మైసూరు రాష్ట్రం పేరు మారి కర్ణాటక అయిన కొద్ది రోజులకే, నన్ను భాల్కి నుంచి బీదరుకు బదిలీ చేశారు. హోదా లేడీ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది కాబట్టి హళ్ళిఖేడ్‌లోని మా చుట్టాలు నేను పొద్దున లేస్తే కడుపులు కోస్తుంటానని అనుకునేవారు. నిజానికి నా పని ఆడవాళ్ళ ఓ.పి. చూడడం, కాన్పులు చేయడం, కాన్పు మొండికేస్తే పెద్ద డాక్టరుగారికి కబురు పంపడం. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. కాన్పుల గురించి నాకు తెలియనిది లేదన్న ధీమా మాత్రం నిండుగా ఉండేది.

రోగి చెప్పింది విని రాసుకోవడాన్ని మేము హిస్టరీ అంటాం. ఆడవాళ్ళ హిస్టరీలో మొదట అడిగేది ఆఖరి ముట్టు ఎప్పుడని. బజారు వైపు తెలుగు షావుకార్ల ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళ దగ్గర ఈ ప్రశ్న చాలా సులువు. ఆ ఇళ్ళలో ముట్టయిన మనిషి మూడు రోజులు వెనక పడసాలలో వేరే చాప, వేరే చెంబు పెట్టుకుని కూర్చుంటుంది. వంటింట్లోకి రాదు, దేనినీ ముట్టదు, నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి వస్తుంది. కనుక ఎవరికి ఎప్పుడయిందో ఇంటిల్లిపాదికీ తెలుసు. రోగి సిగ్గుపడి తల వంచుకుంటే వెంట వచ్చిన అత్తగారే జవాబు చెప్పేది, మేము రాసుకునేవాళ్ళం. అందరం అలాగే చేసేవాళ్ళం.

ఆ డిసెంబరులో చలి గట్టిగా ఉంది. వరండాలో అందరూ శాలువాలు కప్పుకుని ముడుచుకు కూర్చుంటే ఒకామె కొంగుతో విసురుకుంటూ లోపలికి వచ్చింది. పేరు నర్సమ్మ. బెల్లం, పప్పుల టోకు వ్యాపారి భార్య, నలభై అయిదు దాటి ఉంటాయి. వెంట అత్తగారు వెంకమ్మ. ముసలామె ఒళ్ళు చిక్కిపోయినా నోరు చిక్కలేదు.

"దీనికి ఊకె జ్వరమొస్తది డాక్టరమ్మా," అంది వెంకమ్మ. "ఒక్కపారే ఒళ్ళంత కాగుతది, చెమట కారుతది, జరసేపటికి చల్లగైతది. నిద్ర లేదు. నిన్న చిన్న మాటకే గిన్నె ఇసిరికొట్టింది. గిట్ల ఎన్నడు జెయ్యలె ఇది."

థర్మామీటరు పెడితే జ్వరం లేదు. అయినా ఆ రోజుల్లో జ్వరమన్న మాట వినబడితే చాలు, వేలు గుచ్చి గాజు పలక మీద రక్తపు చుక్క తీయాలి, ఫలితం వచ్చేలోపే మలేరియా మాత్రలు మింగించాలి. అది నియమం. పలకలో ఏమీ దొరకలేదు. రెండోసారి వచ్చినప్పుడు మళ్ళీ గుచ్చాను, మళ్ళీ ఏమీ లేదు. క్షయ అనుకున్నాను, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. థైరాయిడ్ అనుకున్నాను, మెడ మామూలుగానే ఉంది. ముట్టుడిగే వయసు కదా, అదేమో అన్న ఆలోచన రాకపోలేదు. అడిగితే వెంకమ్మ ఆ తలుపు కూడా మూసేసింది.

"నెలనెల ఆపకుంట కూసుంటది. మొన్న పున్నమికి గూడ కూసున్నది."

నర్సమ్మ గోడవైపు చూస్తూ ఉండిపోయింది. గాలి సోకిందని ఇంట్లో నిమ్మకాయలు తిప్పుతున్నారట. నాకు ఒళ్ళు మండింది కానీ ఏమనగలను? నా మాత్రలు ఆ నిమ్మకాయలకంటే ఎక్కువ చేసిందేమీ లేదు.

నర్సమ్మ కూతురు సరోజ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఏడో నెల. ఆ పిల్లను చూపించడానికి ఒకరోజు నర్సమ్మ అత్తగారు లేకుండా వచ్చింది. కూతుర్ని బరువు చూడడానికి పక్కగదికి పంపగానే లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ కాళ్ళు మొక్కుత, ఎవ్వరికి చెప్పకు డాక్టరమ్మా. నాకు కడుపైంది. నాలుగు నెలలాయె. లోపట కదుల్తున్నట్టు గూడ అయితది. బిడ్డ కడుపుతోని ఇంట్లున్నది, తల్లీబిడ్డలు ఒక్కపారే కంటరా? దాని అత్తగారోళ్ళు ఏమంటరు? షరంతోని చచ్చిపోత."

మరి పున్నమికి బయట కూర్చున్నావని మీ అత్తగారు చెప్పారే అన్నాను.

"ఉత్తగనే కూసున్న. కూసోకుంటె ముసలామె పట్టుకుంటది గద! నాలుగు నెలల సంది గిదే. చాప ఏసుకుంట, మూడు దినాలు కూసుంట, తలకు పోసుకుని లోపటికొస్త."

ముట్టు కాకుండానే ముట్టయినట్టు కూర్చునే మనిషి ఉంటుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పుట్టింట్లో మా అమ్మ కూర్చోగా చూశాను, మా పిన్నమ్మలు కూర్చోగా చూశాను. ఒక్కసారి కూడా అనుమానించలేదు.

అసలు భయం ఆ తర్వాత చెప్పింది. ఖటక్ చించోళి వైపు నుంచి ఒకామె కడుపు పోవడానికి ఏదో కషాయం సీసాలో పోసి ఇచ్చిందట. అమాస నాడు పరగడుపున తాగాలట. సీసా బియ్యం గుమ్మిలో దాచిపెట్టి ఉంది. అలాంటి కషాయాలు తాగినవాళ్ళు, పుల్లలు పెట్టించుకున్నవాళ్ళు బండ్లలో మా వార్డుకు వచ్చేవారు. అందరూ తిరిగి ఇంటికి వెళ్ళలేదు. అమాస వారంలోకి వచ్చేసింది.

బల్ల మీద పడుకోబెట్టి రెండు చేతులతో పరీక్ష చేశాను. నాలుగు నెలల గర్భమైతే గర్భసంచి పొత్తికడుపు ఎముకకు పైన చేతికి తగలాలి. తగల్లేదు, చిన్నగా, గట్టిగా ఉంది. కదులుతోందన్నది వాయువు కావచ్చు. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో సందేహం పుట్టింది. ముట్లు నాలుగు నెలల కిందట గాడి తప్పి, గర్భం ఈ మధ్యనే నిలిచి ఉంటే? నెల గర్భాన్ని చేత్తో పట్టడం కష్టం. మూత్ర పరీక్ష మా దగ్గర లేదు, హైదరాబాదుకు పంపాలి. పంపాను. జవాబు వచ్చింది: గర్భం ఉంది.

పెద్ద డాక్టరుగారికి చూపించాను. ఆయన కాగితం చూసి, నా చేతుల్ని చూసి, కాగితం ఉందంటోంది, నీ చెయ్యి లేదంటోంది, ఆ చేతికి ఇంకో ఇరవై ఏళ్ళ అనుభవం ఉంటే దాన్నే నమ్మేవాణ్ణి అని నవ్వారు. నాకు మండుకొచ్చింది. కానీ ఆయన అన్నది కాదనలేకపోయాను, నా చేతిని నేనే నమ్మడం లేదు మరి.

పోస్టాఫీసుకు వెళ్ళి, నాకు పాఠం చెప్పిన మేడమ్‌గారికి ట్రంకు కాల్ చేశాను. ఆ రోజుల్లో ట్రంకు కాల్ అంటే గొంతు చించుకోవాలి. మనియార్డర్ల కోసం నిలబడ్డ జనమంతా వింటుండగా ఒక ఇల్లాలి గర్భసంచి గురించి ఇంగ్లీషులో అరిచాను. మేడమ్‌గారు అట్నుంచి అరిచి చెప్పింది ఇది: ముట్టుడిగే వయసులో ఒంట్లో ఒక పదార్థం ఎక్కువవుతుంది, ఆ పరీక్ష దాన్ని గర్భమని పొరబడుతుంది. మూడు వారాలు ఆగి మళ్ళీ చెయ్యి పెట్టి చూడు. బిడ్డ ఉంటే గర్భసంచి ఇప్పుడున్నంతే ఉండదు, పెరుగుతుంది.

మూడు వారాలు! అమాస ఎల్లుండి. సరోజను చూసే నెపంతో నర్సమ్మను పిలిపించాను. కడుపు తీసే చట్టం కొత్తగా వచ్చింది, కడుపే అయితే నీ ఒక్కదాని సంతకంతో ఇక్కడే తీస్తాం, మీ ఇంట్లో ఎవరికీ తెలియదు, కాకపోతే ఏం పోవాలని ఆ కషాయం తాగుతావు అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఉన్నదా లేదా, నీకు పక్కా తెలుసా?"

తెలియదన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది. ఇక తాగేస్తుందనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే సీసా కొంగులో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"తెల్వదన్నవ్ గద, గందుకే నమ్మిన. అన్ని తెలుసన్న మనిషే ఈ సీస ఇచ్చింది."

ఆ మూడు వారాలు నాకు సరిగ్గా అన్నం సయించలేదు. గడువు తీరాక చెయ్యి పెట్టి చూస్తే గర్భసంచి అంతే ఉంది, వెంట్రుకవాసి పెరగలేదు. కడుపు కాదు తల్లీ, ముట్టుడుగుతోంది అని చెప్పాను. ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం అన్నీ దానివేనని, జ్వరమూ కాదు గాలీ కాదని విడమరిచి చెప్పాను. మొదట నవ్వింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "బతికిన" అంది. కళ్ళు తుడుచుకుని, "అంటె ఇగ నా పని అయిపోయిందన్నట్టా?" అంది. అభినందించాలో ఓదార్చాలో తెలియలేదు.

ముట్టు పూర్తిగా ఆగి ఏడాది నిండేదాకా కడుపు వచ్చే అవకాశం ఉందని, ఆ తర్వాత ఎప్పుడైనా రక్తం కనబడితే వెంటనే రావాలని చెప్పాను. సీసా ఆమె ముందే మోరీలో ఒంపేశాను. ఇక నీకు పడసాలలో కూర్చునే బాధ తప్పింది అని సంతోషంగా అన్నాను. ఆమె మొహం వాడిపోయింది.

"గా మాట ఇంట్ల అనకు డాక్టరమ్మా. ఆ మూడు దినాలే నన్నెవ్వరు మంచినీళ్ళు గూడ అడగరు. చల్లగాలి తగుల్తది, కండ్లు మూతవడ్తయి. గది గూడ పాయె అంటె నేనెట్ల బతకాలె?"

ముట్టయినవాళ్ళను దూరం పెట్టడం అన్యాయమని కాలేజీలో ఉపన్యాసం ఇచ్చి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని నేను. ఆ రోజు అననని తల ఊపాను.

సరోజకు ఆడపిల్ల పుట్టింది, సుఖప్రసవం. మునిమనవరాలిని చూడడానికి వార్డుకు వచ్చిన వెంకమ్మను పక్కకు పిలిచి, మీ కోడలు ఇంకా బయట కూర్చుంటోందా అని అడిగాను. ముసలామె అటూ ఇటూ చూసింది.

"కూసుంటది. కూసోనియ్యి. దానికి ఆగిపోయిందని నాకు ఎర్కనే. బట్ట ఉతికి ఆరేసిన జాడ లేకపోతె నాకు తెల్వదా? నేను గూడ రెండేండ్లు ఉత్తగనే కూసున్న."

మరి నేను అడిగినప్పుడు నెలనెలా అవుతున్నట్టు ఎందుకు చెప్పారన్నాను.

"నువ్వు దాని మొగనికి చెప్తె? దాని నిద్ర నేనెందుకు చెడగొట్టాలె?"

కోడలు సుఖంగా పడుకోనీ అని ఆమె ఆడిన అబద్ధం ఎంత దూరం వెళ్ళేదో ఆమెకు తెలియదు. కోడలికి కడుపు భయం ఉందని గాని, బియ్యం గుమ్మిలో సీసా ఉందని గాని తెలియదు. నేను చెప్పలేదు. ఒకే ఇంట్లో, ఒకే పడసాలలో ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అదే పని చేసి, ఒకరితో ఒకరు ఒక్క మాటైనా ఎందుకు అనుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ముట్టు సంగతి అడిగేముందు వెంట వచ్చినవాళ్ళను బయటికి పంపేదాన్ని. కూర్చున్నావా అని కాక, రక్తం కనబడిందా అని అడిగేదాన్ని. నలభై దాటినవాళ్ళను ఇంకొకటి కూడా అడిగేదాన్ని, ఇంట్లో నడుం వాల్చడానికి నీకు చోటెక్కడ అని. చాలామంది ఆ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పేవారు కాదు.