జల్లాక్ తోటలో తప్పిపోయిన జింక

ఎడారిలోనూ ప్రతి ప్రాణికీ వేళకు మేతా నీడా చూపించే దేవునికి స్తోత్రం కలుగును గాక. బహ్రెయిన్‌లో మాల్స్ తప్ప చూడ్డానికేముంది అని మా సహవాసంలో చాలామంది అంటుంటారు. ఆయన చేతిపని చూడాలనుకునేవాళ్ళు ఒక శనివారం జల్లాక్ వైపు వెళ్ళి రండి. నేను మొన్న వెళ్ళొచ్చాను.

నేను ఏసీలు బాగుచేస్తుంటాను. సనాబిస్‌లో నేను పనికి వెళ్ళే ఇంటి అరబ్బు పెద్దాయన్ని అందరూ బాబా అంటారు. ఆయనకు జల్లాక్ దగ్గర తోట ఉంది, అందులో ఇసుక జింకల్ని పెంచుతాడు. వాటిని చూసుకునే మనిషి సెలవు మీద వెళ్ళి తిరిగి రాలేదు. జింకల సంగతి తెలిసినవాడు కావాలని బాబా అడిగితే నాకు రాజలింగం గుర్తొచ్చాడు. సిత్రాలో పరంజీలు కట్టే పని అతనిది. సొంతూరు జన్నారం, అడవి పక్కనే. కంపెనీ పని అయిపోయింది, నెలాఖరుకి వీసా ఖలాస్. ఈలోగా వీసా ఇచ్చే ఇంకో యజమాని, అదే కఫీల్, దొరక్కపోతే ఇంటికే. ఒకసారి పోతే మళ్ళీ వచ్చే వయసు కాదని అతని దిగులు.

ఇంతలో తోటలో చూడి జింక ఒకటి కనబడకుండా పోయింది. ముందు దాన్ని వెతికిపెట్టమను, పని మాట తర్వాత చూద్దాం అన్నాడు బాబా.

ఉదయం ఏడింటికి ఈసా టౌన్ బస్టాండులో కలుసుకున్నాం. కరక్ చాయ్ తాగి, పరాటాలు పొట్లం కట్టించుకుని బస్సెక్కాం. ఏసీ బస్సు, టికెట్ దినారు కూడా కాదు, వందల ఫిల్సుల్లోనే. కార్డు ముందే కొనుక్కుంటే చిల్లర కోసం వెతుక్కోనక్కర్లేదు. ఊళ్ళు దాటాక రోడ్డు పక్కన చమురు పంపులు తలలూపుతూ కనిపించాయి, వాటి వెనక చలికాలంలో ఇక్కడివాళ్ళు సరదాకి వేసుకునే గుడారాలు. దారి పొడుగునా రాజలింగం చేతులు తిప్పుతూ జన్నారం అడవి గురించే, అక్కడి దుప్పుల గురించే చెప్పాడు. నేను పాస్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా పాస్టరన్నా అనే పిలుస్తాడు. వెనక సీట్లో ఉన్న కేరళ భాయ్ తనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ చేతులు చూస్తే కొమ్ములు కనబడుతున్నాయన్నాడు.

స్టాపు దగ్గర బాబా పికప్‌తో ఉన్నాడు. తొమ్మిదిన్నరకి తోటలో దిగాం. కంచె కింద ఒకచోట ఇసుక జారి సందు పడింది. జింక అక్కణ్ణించే పోయింది. రోడ్డు ఎక్కి ఉంటుందనో, ఎవరో పట్టుకుపోయి ఉంటారనో బాబా భయం.

రాజలింగం నేరుగా చెట్ల దగ్గరికి నడిచాడు. కంచె అవతల ఒక రేగు మాను మీద నడుమెత్తున బెరడు ఊడి ఉంది. దాన్ని తడిమి, "ఇగో పాస్టరన్నా, పోతు కొమ్ములు రాకింది. మన జింక దాని ఎంటే ఇటు మర్లింది," అన్నాడు గొప్పగా. నేను బాబాకు అర్థమయ్యే హిందీలో చెప్పాను. బాబా నవ్వాడు. పోయిన చలికాలం తన గుడారం తాడు కట్టింది ఆ మానుకేనట. పైగా ఈ జింకలకు కొమ్ములు ఏటా రాలి కొత్తవి మొలవవు, మీ దేశం దుప్పుల్లా వాటిని మానుకేసి రుద్దే పనీ ఉండదు అన్నాడు.

రాజలింగం మొహం పాలిపోయింది. పని చేజారిందనే అనుకున్నాను, లోపల ప్రార్థన మొదలుపెట్టాను. అతను కంచె సందు దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాడు. చాలాసేపు నేలనే చూశాడు. గిట్టల జాడలు కొన్ని గాలికి అంచులు కరిగి ఉన్నాయి, కొన్ని ఇప్పుడే అచ్చు గుద్దినట్టున్నాయి. అన్నీ ఒకటే బాట మీద, వెళ్ళినవీ వచ్చినవీ. పక్కనే తడి ఆరని పెంటికలు. నీళ్ళ తొట్టి దాకా వచ్చి మళ్ళీ పోతోందని మాకు చూపించాడు.

"పారిపోలే. పిల్ల పెట్టింది."

ఆ బాట పట్టి నడిచాం. కాస్త దూరంలో ఉప్పు పొదల నడుమ జింక నిలబడి చెవులు రిక్కించింది. మేం ఆగగానే పక్కకి పరుగెత్తి, దూరంగా నిలబడి చూసింది. అది నిలబడ్డ చోటికి కొంచెం ఇవతల, ఇసుక రంగులో, ఇసుకలో కలిసిపోయి ఒక కూన. మెడ నేలకు ఆనించి కదలకుండా పడుకుంది. యేసయ్యా అన్నాను నాకు తెలీకుండానే.

బాబా వెంటనే దాన్ని ఎత్తి లోపలికి తెమ్మన్నాడు. వీధికుక్కలు తిరుగుతున్నాయట. రాజలింగం చేతులు కట్టుకున్నాడు. పని ఇవ్వాల్సిన మనిషి ముందు నిలబడి, తనకొచ్చిన హిందీలో, "వద్దు బాబా. ముట్టుకుంటే తల్లి బెదురుతది. దానంతట అదే తోల్కొస్తది," అన్నాడు.

కుక్కలొస్తే అని బాబా గద్దించాడు.

"నేనుంట."

బాబా వెళ్ళి పికప్‌లోంచి దుప్పటీ, నీళ్ళ సీసా, టార్చీ తెచ్చి అతని చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం ఇంటినుంచి చేపల మచ్బూస్ అన్నం వచ్చింది. ముగ్గురం ఒకే పళ్ళెంలో తిన్నాం. అప్పుడు బాబా అడిగాడు, కఫీల్ మారడానికి పాత కంపెనీ వాళ్ళు విడుదల కాగితం ఇస్తారా అని. అడుగుతానన్నాడు రాజలింగం. చూద్దాం అన్నాడు బాబా, అంతే.

నాలుగున్నర బస్సుకి నేనొక్కణ్ణే బయల్దేరాను. రాజలింగం పొదలకు దూరంగా, కూన వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. చూస్తే తల్లి రాదట. నేను వెళ్ళొస్తానంటే తలెత్తకుండానే, "పాస్టరన్నా, నా కాగితం ముచ్చట నీ దేవునికి చెప్పు. ముందుగాల గా పిల్ల ముచ్చట చెప్పు," అన్నాడు.

బస్సులో కళ్ళు మూసుకుని అతను చెప్పిన వరుసలోనే, ముందు కూన సంగతి, తర్వాత కాగితం సంగతి చెప్పాను. చదువుతున్న సహోదరీ సహోదరులారా, మీరూ ఒక్క నిమిషం ఆగి, అదే వరుసలో నాతో కలిసి ప్రార్థించండి.