నూకాలమ్మ చూసిన రెండో సంబంధం

వీరవేణి ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లయింది. అదే ఇంట్లో వంటమనిషిగా చేరి మాత్రం ఎనిమిది నెలలే. పనిలో పెట్టుకున్నది అత్తగారు నూకాలమ్మే.

వాళ్లది అప్పనపల్లి. నూకాలమ్మకి మూడేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. ముందు తాళాలు ఎక్కడ పెట్టిందో మర్చిపోయేది, తరవాత వీధులు మర్చిపోయింది, ఆనక మనుషుల్ని. డిమెన్షియా అన్నారు అమలాపురం డాక్టరుగారు. తగ్గేది కాదనీ, ఆవిడ ఏమన్నా ఎదురు చెప్పొద్దనీ అన్నారు. కొడుకు త్రిమూర్తులు రొయ్యల చెరువుల మీద సూపర్వైజరు. తెల్లారకుండా వెళ్తే పొద్దుగూకాకే రావడం. అందుకని ఎదురు చెప్పకుండా ఉండే పనంతా వీరవేణికే వచ్చింది.

ఒకరోజు పొద్దున్న, పనసాకు బుట్టలో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కని వేడివేడిగా తీసి కంచంలో పెడుతుంటే నూకాలమ్మ అడిగింది.

"ఏ ఊరమ్మాయ్ మీది?"

"బండారులంకండీ."

"మా కోడలిదీ ఆ ఊరే. నువ్వు నయం. దానికి ఇప్పటికీ ఉప్పెంత వెయ్యాలో తెలీదు."

ఆ కోడలు తనేనని వీరవేణి చెప్పబోయింది. డాక్టరుగారి మాట గుర్తొచ్చింది. "ఆయ్, మరేనండీ అమ్మగారూ," అంది.

ఆ రోజు నుంచి అత్తయ్యగారు కాస్తా అమ్మగారయిపోయింది. ఇన్నేళ్లూ అత్తగారి మనసులో ఏముందో అంతుచిక్కని కోడలికి, ఇప్పుడు ఆవిడే పీట వేసి కూర్చోబెట్టి మరీ చెబుతోంది. పెళ్లిచూపుల్లో పిల్ల ముక్కు నచ్చలేదట. కోడలు తినేస్తుందని నెయ్యి గిన్నె దాచేసేదట. వీరవేణి ఊరుకుంటుందా, తన వంతు తనూ అందించేది.

"పొద్దున్నే లేవదట కదండీ మీ కోడలు?"

"నీకెవరు చెప్పేరు?"

"వీధిలో అంతా అనుకుంటున్నారండీ."

నూకాలమ్మ మొహం వెలిగిపోయేది. ఆ పూట మాత్రలు మారాం చెయ్యకుండా మింగేసేది.

అన్ని పూటలూ అలా గడవలేదు. స్నానానికి ఒప్పించడానికి గంట పట్టేది. కాస్త ఏమరితే గేటు తీసుకుని ఏటిగట్టు మీద ఉండేది. ఒక మధ్యాహ్నం మూడోసారి పక్కబట్టలు ఉతుకుతూ వీరవేణి గట్టిగా అరిచేసింది. "మీతో నావల్ల కావట్లేదండీ. నన్ను బతకనివ్వండి." నూకాలమ్మ రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని, ఎవరో కొట్టబోతున్నట్టు గోడకి ఒదిగిపోయింది.

వీరవేణి దొడ్లోకి వెళ్లి కొబ్బరిమట్టల పక్కన కూర్చుని ఏడ్చింది. తిరిగి లోపలికొస్తే నూకాలమ్మ దగ్గరికి పిలిచి పమిటచెంగుతో మొహం తుడిచింది.

"మా కోడలేమైనా అందా?"

వీరవేణికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చేయి. "ఆయ్, అందండీ."

"దాని సంగతి నే చూస్తాను. మావాడు బుద్ధిమంతుడు. దాన్ని పుట్టింటికి పంపించేస్తాను, నువ్వు వాణ్ణి చేసుకో."

"ఆలోచించుకుని చెప్తానండీ."

రాత్రి భోజనాల దగ్గర మొగుడితో చెప్పింది. "ఏవండీ, మీకో సంబంధం వచ్చింది."

"పిల్లెలా ఉంటుందేంటి?"

"వంట బాగా చేస్తుందట. నడుంనొప్పి ఉంది. కంటినిండా నిద్రపోయి ఏడాదయిందట."

త్రిమూర్తులు నవ్వబోయి ఆగిపోయేడు. సబ్బునీళ్లకి పగిలిపోయిన ఆవిడ వేళ్లు అప్పుడే చూసినట్టు చూసేడు. చెయ్యి కడుక్కుని అమలాపురంలో ఉన్న అక్కకి ఫోన్ చేసేడు.

అక్క ప్రసన్నకుమారి నెలకోసారి యాపిల్సూ, సలహాలూ పట్టుకొచ్చి వెళ్తుంది. కోడలు అన్నం పెట్టడం లేదని తల్లి చెబితే నమ్మేసి, కిందటిసారి వీరవేణిని మొహమ్మీదే అడిగింది. తమ్ముడు బతిమాలగా నాలుగు రోజులుంటానని వచ్చింది. వీరవేణి ఆవిడకి మాత్రల వేళలన్నీ అప్పజెప్పి, పుట్టింటికి బయల్దేరుతూ నూకాలమ్మ చెవిలో ఒక్క మాట వేసింది.

"అమ్మగారూ, మీ కోడలు వచ్చేసిందండీ."

మర్నాడే ఫోన్. "వీరవేణీ, అమ్మ నాకు ఉప్పు వెయ్యడం రాదంటోందే. నెయ్యి దాచేసింది. నన్నెవరనుకుంటోంది?"

"జబ్బు కదండీ వదినగారూ. ఎదురు చెప్పకండి."

ఫోన్ పెట్టేసి వీరవేణీ, పుట్టింట్లో ఉన్న ఆవిడ చెల్లెలూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. మూడో రోజు ఫోన్లో ప్రసన్నకుమారి గొంతు వేరేగా ఉంది. "నీ కూతుర్నమ్మా అన్నాను. నాకు కూతురే లేదంది."

వీరవేణికి నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేసి, గుమ్మంలోనే చెప్పేసింది. "మీరు కోడలని ఆవిడ చెవిలో వేసింది నేనేనండీ వదినగారూ. తప్పయిపోయింది."

ప్రసన్నకుమారి ఆవిడ చేతిలో సంచీ అందుకుంది. "ఇవన్నీ ఇరవై రెండేళ్లు పడ్డావా?" అంది.

"అప్పట్లో ఇంత బాగా చెప్పేవారు కాదండీ."

ప్రసన్నకుమారి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఇకమీదట శని, ఆదివారాలు తనొచ్చి చూసుకుంటానంది. వస్తోంది కూడా.

మొదటి శనివారం గదిలో పడుకుని, తలుపవతల చప్పుళ్లు వింటూ వీరవేణి కన్ను మూయలేదు. రెండోవారం ఓ గంట కునికింది. మూడో శనివారం మాత్రం భోజనానికి రెండుసార్లు లేపినా లేవలేదట.