కైలాసం కారు ముందు దీపాలు

ఆదిలాబాద్‌లో స్టీరింగు పట్టినవాళ్లను కైలాసం రెండు తెగలు చేశాడు. ఒక తెగ తాను. రెండో తెగ, ఎద్దులు దొరక్క మోటార్లు తోలుతున్న మిగతా అందరూ.

పెద్దపల్లి వైపు ఒక పల్లెలో, మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాడు. ఊరి బళ్లో నాలుగో తరగతి దాకా చదివాడు. అంతటితో చదువు చాలించడానికి కారణం, పంతులుకు తనకంటే ఎక్కువ తెలియకపోవడమేనట. నిజాం కాలంలో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు తోలాడు. ఒక వానాకాలం ఉట్నూరు ఘాటులో రోడ్డు కోసుకుపోతే, ఒక దొర జీపును మైలు దూరం వెనక్కే నడిపి ఒడ్డున పడేశాడు. ఆ దొర మరిచిపోయి ఉంటాడు గానీ కైలాసం ఊరిని మరిచిపోనివ్వలేదు. జిన్నింగ్ మిల్లు అంబదాస్ సేటు నల్ల కారు కొన్నప్పుడు తాళంచెవి తిన్నగా అతని చేతికే వచ్చింది. అప్పటినుంచి ఆ కారు మీద మరొకరి చెయ్యి పడలేదు. మిల్లు లారీ డ్రైవరు రాజం ఒకసారి బానెట్ మీద మోచెయ్యి ఆనించినందుకు ఆ చోటును సబ్బుతో కడిగాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన అయిదో ఏడు, దసరా వెళ్లిన కొన్నాళ్లకు, ఆ కారు ముందు దీపాలు మసకబారాయి. తరువాత మిణుకుమన్నాయి. చివరికి పెద్ద దీపాలతోపాటు పక్కనున్న చిన్నవీ ఆరిపోయాయి. కైలాసం బల్బులు మార్చి, బల్బులు చేసినవాణ్ణి తిట్టాడు. మళ్లీ మార్చి, అమ్మినవాణ్ణి తిట్టాడు.

ఒక మధ్యాహ్నం సేటు మిల్లు వాకిట్లోకి వచ్చాడు.

"పొద్దుగూకంగ పెన్‌గంగ అవుతల్నుంచి వియ్యాలోల్లను తోలుకరావాలె. నిజాముద్దీన్‌ను పిలిపించిన. గీ లైట్లు ఎవని చేతుల కరాబైనయో ఇయ్యాల తేలాలె. నీ చేతులనైతే చాబీ రాజంకిచ్చి, నువ్వు పత్తి తూకం కాడ కూసో."

"నా చేతుల కరాబా?" కైలాసం నవ్వాడు. "సేటూ, ఉట్నూరు ఘాటుల..."

"ఎరికేనయ్యా. ఎనుకకే నడిపిచ్చినవ్."

నిజాముద్దీన్ బజారులో సైకిల్ దీపాలూ రేడియోలూ బాగుచేసేవాడు. వస్తూనే పళ్లు ఇకిలించాడు. "క్యా భాయ్, కారు గుడ్డిదైందట?"

"సైకిల్ దీపాలు జేసుకునేటోనివి, నీకు గిది అందదు. సేటు పిలిచిండని వచ్చినవ్, చూసి పో."

"నా సైకిల్ దీపం తొక్కితె వెలుగుతది భాయ్. మీ కారు మొక్కినా వెలుగుతలేదాయె!"

లారీ దగ్గర నిలబడి బీడీ కాలుస్తున్న రాజం కిసుక్కున నవ్వాడు. కైలాసం అటు చూడనైనా లేదు.

నిజాముద్దీన్ హారన్ నొక్కాడు. మోగింది. వెనక దీపం వెలిగింది. ముందు బల్బులు విప్పి బ్యాటరీకి తాకించాడు. అవీ వెలిగాయి. వాటిని మళ్లీ బిగించి, స్విచ్చి వేసి, ఒక తీగను బ్యాటరీ నుంచి దీపం వెనక ఇనుముకు ఆనించాడు. ముందు దీపాలన్నీ పట్టపగలే భగ్గున వెలిగాయి.

"బల్బులు మంచియే, స్విచ్చి మంచిదే. ఎర్తు లేదు. దీపాలకు పోయిన కరెంటు మల్లొచ్చే తోవ మూతవడ్డది."

ఆ తోవ రేడియేటర్ పక్కన ఒక చిన్న స్క్రూ. దీపాలన్నిటి ఎర్తు తీగనూ కారు బాడీకి పట్టి ఉంచేది అదే. విప్పితే తీగ కొసన పచ్చటి పెచ్చు, దానికింద తుప్పు. సేటు వేలితో గీకి వాసన చూశాడు.

"పసుపు!"

కైలాసానికి అప్పుడు తట్టింది. దసరాకు వాళ్లింట్లో మగ్గానికి ఊరికే బొట్టు పెట్టరు. కీలు కీలూ విప్పి, నూనెలో కలిపిన పసుపు లోపల పూసి, మళ్లీ బిగిస్తారు. తల్లి దేవవ్వ నేర్పిన పద్ధతి. మగ్గం విడిచిన కొడుకు ఆ పద్ధతి విడవలేదు. కారుకు బయట బొట్టుపెట్టి సరిపెట్టే డ్రైవర్లను చూసి అసహ్యించుకుంటూ, కనిపించిన ప్రతి స్క్రూనూ విప్పి, పసుపు పూసి, తానే బిగించాడు.

"ఎవడు వెట్టిండు?" సేటు అడిగాడు.

నిజాముద్దీన్ జాలిపడ్డాడేమో, గొంతు తగ్గించాడు. "పండుగ నాడు శానమంది తిరిగిండ్రు గద సేట్. రాజమో, ఎవడో..."

కైలాసం తలూపితే చాలు, స్టీరింగు నిలిచేది. కానీ రాజం బీడీ పారేసి, "నేనా?" అంటూ ముందుకు రావడం చూశాడు. ఆ నల్లటి గోళ్లు తన కారు లోపల తిరిగాయని ఊరు అనుకోవడమా!

"రాజం గాడా?" కైలాసం తుపుక్కున ఉమ్మేశాడు. "వాడు పసుపు వెట్టాలంటే ముందుగాల గా స్క్రూ యాడున్నదో తెల్వాలె గద! ఆదిలాబాద్‌ల అది తెలిసినోన్ని నేనొక్కన్నే."

సేటు చెయ్యి చాచాడు. కైలాసం తాళంచెవిని ఆ చేతిలో పెట్టలేదు, రాజంకు ఇవ్వలేదు. బానెట్ మీద పెట్టాడు.

తుప్పు గీకాక స్క్రూను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తానే బిగించాడు.

పొద్దుగూకింది. రాజం గేరును గరగరమనిపిస్తూ కారును గేటు దాటించాడు. ముందు దీపాలు పెన్‌గంగ రోడ్డు మీద తెల్లగా పరుచుకున్నాయి. తూకం పక్కన బస్తా మీద కూర్చున్న కైలాసం గడ్డం ఎత్తాడు.

"చూసినవా? గా స్క్రూ బిగించింది నేను."

"ఔ భాయ్," పనిముట్లు సంచిలో వేసుకుంటూ అన్నాడు నిజాముద్దీన్, "విప్పింది గూడ నువ్వే."