నీళ్ల మీద నిలబడాలన్న పట్టు

కనకమామిడి దగ్గర ఒక ఫాంహౌజ్‌లో మా బాపు పూలతోట చూసుకుంటాడు. ఆ ఓనరుకు బోటంటే పిచ్చి. పొడవాటి చెరువు తవ్వించి, మోటారు బోటు కొని, సిటీ నుంచి దోస్తులను పిలుస్తాడు. వాళ్లు కాళ్లకు స్కీలనే పలకలు తొడుక్కుని, బోటుకు కట్టిన తాడు పట్టుకుని, నీళ్ల మీద నిలబడి దూసుకుపోతారు. బాపుకు సద్ది తీసుకెళ్లి ఎన్ని ఆదివారాలు నోరు తెరుచుకుని చూశానో! నలభై రెండేళ్ల టీచరమ్మనే, అయినా ఒక్కసారి అలా నిలబడాలని ప్రాణం కొట్టుకునేది.

మొన్న సిగ్గు విడిచి బోటు నడిపే అన్నను అడిగాను. "పొద్దుగాల రా చెల్లే. పది కొడితే గెస్టులొస్తరు, ఇగ బోటు మనది గాదు" అన్నాడు.

మరునాడు పొద్దున్నే లైఫ్ జాకెట్ వేసుకుని చెరువులో దిగాను. మోకాళ్లు ముడుచుకుని, స్కీల కొసలు పైకి పెట్టి, తాడు పిడి పట్టుకున్నాను. బోటు గుర్రుమంది. అంతే, బోర్లా పడ్డాను! రెండోసారి చెవుల్లో నీళ్లు, మూడోసారి ముక్కులో. ఇలా పడుతుండగానే పొద్దెక్కింది, పదికి ఇంక పది నిమిషాలే ఉన్నాయి. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

కట్ట మీద బంతిపూల గంప దించి బాపు కేకేశాడు. "ఏందే, కోడెను ఆపినట్టు గుంజుతున్నవ్? నువ్వు గుంజకు, ఆ తాడే నిన్ను లేపుతది. చేతులు సాపు!"

నిజమే. కోడె ఉరికితే మడమలు తన్నిపట్టి పగ్గాన్ని కడుపులోకి లాక్కోవాలని చిన్నప్పుడు నేర్పింది ఆయనే. తాడు బిగుసుకుంటే చాలు, నా చేతులు ఆ పనే చేస్తున్నాయి.

ఆఖరిసారి. చేతులు చాపాను. మోకాళ్లు వంచే ఉంచాను. తాడు లాగుతుంటే లాగనిచ్చాను. నీళ్లు ఛాతీని కొట్టాయి, నడుముకు దిగాయి, మోకాళ్లకు దిగాయి, చివరికి పాదాల కిందికి పోయాయి!

"బాపూ, లేసిన! సూడు, లేసిన!"

సంతోషంతో ఏం అరుస్తున్నానో నాకే తెలియలేదు. అంతలో గేటు దగ్గర ఓనరు, గెస్టుల కార్ల హారన్లు మోగాయి.

"తాడు ఇడిసిపెట్టు చెల్లే, గెస్టులొచ్చిన్రు!" అన్నాడు బోటులోంచి అన్న.

"ఇడువ అన్నా! ఇంకో చుట్టు!"

ఆ ఓనరు ముందు ఏనాడూ గొంతు పెంచని బాపు, తలపాగా విప్పి ఊపుతూ కట్ట వెంట ఉరుకుతున్నాడు. "ఇడువకు బిడ్డా, ఇడువకు!"